పశువుల కాంపౌండరు

మొన్న రామకృష్ణాపూర్‌ల నాతోని బొగ్గుబాయిల పనిచేసినాయన పదకొండోనాటి కార్యానికి పోయిన. పెద్దకొడుకు ఇంటి ముందట షామియానా ఏసిండ్రు. అయ్యగారు ఏమేం దానాలియ్యాల్నో చదువుకుంట, "గోదానం కూడ ఉన్నది. ఆవును తేలేకపోతే దాని పేరు మీద ఏదో ఒకటి పెట్టుండ్రి" అన్నడు. పెద్దకొడుకు చెయ్యి అడ్డం ఊపిండు. "ఆవు గీవు వద్దు అయ్యగారూ. మా బాపుకు గొడ్లంటేనే పడకపోతుండె. బర్రె ఎదురుంగ వస్తే రోడ్డు దాటి ఆవలి పక్కకు పోయేటోడు. కావాలంటే కాకను అడుగుండ్రి" అనుకుంట నన్ను చూపిచ్చిండు.

అందరు నా దిక్కు మల్లిండ్రు. నేనేమన్న? "అవును" అన్న. నా నోట్ల మన్నువడ, అవును అన్న. ఆనాటి సంది మనసు మనసుల లేదు. ఆ పోరడు అబద్ధమేం చెప్పలే, వాడు చూసింది చెప్పిండు. వాడు చూడని మనిషి ఒకడుండె. ఆ మనిషిని ఎరిగినోళ్ళల్ల ఇప్పుడు మిగిలింది నేనొక్కన్నే. ఇప్పుడన్న చెప్పకపోతే నేను మనిషినే కాదు.

ఆయన పేరు మాత్రం రాయ. ఆయనకు రెండు పేర్లుండె. బాయిల పిలిచే పేరు ఆయనది కాదు. తల్లిదండ్రి పెట్టిన పేరు పలుకుతే ఆయన నౌకరి పోతుండె. నేను ఎప్పుడూ "అన్నా" అనే పిలిచిన, ఆయన నన్ను "తమ్మీ" అన్నడు. గంతే.

గోదావరిఖనిల బొగ్గుబాయిలు ఒక్కొక్కటి మొదలైతున్న రోజులు. చుట్టుపక్క ఊర్ల మొగపోరలందరు నౌకరి కోసం వచ్చి క్యూ కడుతుండ్రి. అట్లనే ఆయన అన్నకు బాయిల నౌకరి దొరికింది. బిళ్ళ ఇచ్చిండ్రు. బిళ్ళ అంటే నంబరు కొట్టిన ఇత్తడి ముక్క, అది చూపిస్తేనే లోపటికి పోనిచ్చేది. ఆ అన్న మొదటిరోజు దిగిండు, చీకటి చూసిండు, నెత్తిమీద రాయి కటకటమన్నది విన్నడు. పైకి వచ్చుడు వచ్చుడే ఊరికి ఉరికిండు. జొన్నచేన్ల దాసుకుంటే తండ్రి పొద్దూకేదాక వెతికిండట. ఎంత బతిమిలాడినా మల్ల దిగ అన్నడు. వచ్చిన నౌకరిని ఎవడు ఇడిసిపెడతడు? తెల్లారి తండ్రి ఆ బిళ్ళ తెచ్చి చిన్నోని చేతుల పెట్టి, "ఎవడైతేంది, ఇద్దరు నా కొడుకులే కదా" అన్నడు. అప్పట్ల ఫోటోలు గీటోలు లేకుండె. బిళ్ళ నంబరు సక్కగుంటే మనిషి సక్కగున్నట్టే. ఇట్ల మారుపేరు మీద పనిచేసేటోళ్ళు ఖనిల మస్తుమంది ఉండిరి. ఎవరికి ఎవరి అసలు పేరు ఎరుక లేకుండె, ఎవరూ అడుగకపోతుండ్రి.

ఇందుల ఒక విచిత్రం చూడుండ్రి. ఇంటికాడ ఆ పెద్దోనికి పశువులంటే ఇష్టం లేదు. పొద్దుందాక వాటితోని ఉండేది చిన్నోడు. బాయికి భయపడ్డోనికి ఇంటికాడ గొడ్లు దక్కినయ్. గొడ్లంటే పాణమిచ్చేటోనికి బాయి దక్కింది. ఆ తండ్రి చేసిన పనికి నాకు ఇప్పటికీ ఆయన మీద కోపమే. పోయినోన్ని తిట్టొద్దంటరు గాని, నేను తిడతనే ఉంట.

నేనూ ఆయనా ఒక జోడీ. ఒకడు చెమ్మస్ పారతోని బొగ్గు ఎత్తి తట్ట నింపితే ఇంకొకడు మోసుకపోయి పట్టాల మీది టబ్బుల పోస్తడు, అలిసిపోతే మార్చుకుంటం. ఇద్దరు కలిసి నింపిన టబ్బులు ఇద్దరివీ. ఏడేండ్లు అట్లనే చేసినం. పెండ్లాంతోని మాట్లాడినదానికంటె ఆయనతోనే ఎక్కువ మాట్లాడి ఉంట.

ఆయనకు ఒక అలవాటుండె. పని మొదలుపెట్టేముందు కట్టె పట్టుకొని పైకప్పును టకటక కొట్టేటోడు, చెవి పక్కకు పెట్టి వినేటోడు. అది అందరం చేస్తం. రాయి గట్టిగుంటే ఒక సప్పుడు, లోపట బోలుగుంటే ఒక సప్పుడు. బోలు సప్పుడు వస్తే అక్కడ నిలబడొద్దు. ఆయన చెవి ఎంత పక్కా అంటే మా మీద పని చూసే సర్దార్ కూడ ఆయన "ఊఁ" అన్నదాక మమ్మల్ని ముందుకు పోనియ్యకపోతుండె. కాకపోతే ఈయన పైకి వచ్చినంక కూడ కొట్టుడు ఆపకపోవు. నీళ్ళకుండను కొట్టి చూసేటోడు, తలుపును కొట్టి చూసేటోడు. ఒకసారి నాకు దగ్గు పడితే నా ఈపు మీద రెండు వేళ్ళతోని కొట్టి, "ఎడమ దిక్కు కఫం ఉన్నది. కుడి దిక్కు కంపెనీకి పనికొస్తది, ఫికర్ చెయ్యకు" అన్నడు.

లోపట రొట్టెలు తినేటప్పుడు వేరేటోళ్ళు పిల్లలెట్లున్నరని అడుగుతరు. ఈయన, "మీ బర్రె ఎట్లున్నది?" అని అడిగేటోడు. ఎవని బర్రె ఎన్నో ఈతల ఉన్నదో, ఎవని మేక కుంటుతున్నదో అన్ని ఎరుకే. "అన్నా, మా ఇంటిది రెండు రోజుల సంది పండుకుంటున్నది" అని ఒకడు పెండ్లాం గురించి చెప్తే, "మేత తింటున్నదా?" అన్నడు. ఆ మాట మీద నెలరోజులు నవ్వినం.

ఆయన ఎప్పుడూ అనే మాట ఒకటుండె. "మనం సిక్కు అని దవాఖానకు పోతే డాక్టరు నమ్మడు తమ్మీ. దొంగరోగం అంటడు. సగం సార్లు ఆయన అన్నది నిజమే. గొడ్డుకు దొంగరోగం రాదు. అది పండుకున్నదంటే ఏదో అయినట్టే. దానికి వైద్యం చేస్తే మనసుకు నిమ్మళముంటది."

ఒకరోజు లోపట టబ్బులు రాక పని ఆగింది. ఆరేడుగురం గోడకు ఆనుకొని కూసున్నం. సర్దార్‌కు ఏం పుట్టిందో, "బాయి అనేదే లేకుంటే, ఇల్లు సంసారం అడ్డం లేకుంటే, మీరు ఏమయ్యేటోళ్ళురా?" అన్నడు. ఒకడు దర్జీ అన్నడు. ఒకడు సినిమా హాల్ల టార్చిలైటు పట్టుకొని సీట్లు చూపెట్టేటోన్నైత అన్నడు. "నెత్తికి లైటు కట్టుకొని చీకట్ల తిరుగుతనే ఉన్నవ్ కదరా, ఇంకెందుకు?" అని ఇంకొకడు నవ్విండు. సర్దార్‌కు మిఠాయి దుకాణం కావాల్నట. నేను రైలు గార్డు అన్న. తెల్ల బట్టలు, చేతుల పచ్చజెండా, చివరి డబ్బల ఒక్కన్నే గాలి తాకుకుంట పోవాలె. చెప్పేటప్పుడే నాకు సిగ్గయింది.

ఆయన వంతు వచ్చింది. "పశువుల కాంపౌండరు" అన్నడు.

"అరే, ఉత్తగనే అడుగుతుంటే డాక్టరే అనరాదు? మనసుల అనుకునేదానికి కూడ కంట్రోల్ దుకాణం లెక్క రేషనా?" అన్నడు దర్జీ అయితనన్నోడు.

ఆయన నవ్వలే. "డాక్టరుకు పెద్ద చదువు కావాలె. నేను చదివింది ఏడు. కాంపౌండరుకు ఏడు సాలు. నాకు దొరికేదే అడుగుతున్న" అన్నడు. అందరం ఉత్త ముచ్చట పెట్టుకుంటుంటే ఈ మనిషి నిజంగనే లెక్క చూసుకున్నడని నాకు అప్పుడు ఎరుకైంది. గంతల టబ్బులు వచ్చినయ్, లేసినం.

ఇగ ఖాలా బర్రె సంగతి చెప్పాలె.

మా క్వార్టర్ల లైన్ల చివరి ఇంట్ల ఒక ముసలామె, లైనంత ఖాలా అంటుండె. ఆమెకు ఒక్క బర్రె. ఒక పొద్దు మేం మొదటి షిఫ్టు దిగి వస్తున్నం, మొకాల మీద బొగ్గు ఇంకా కడుగలే. ఖాలా కొంగు జారిపోతున్నా చూడకుండ ఉరికొచ్చింది. "అరే బేటా, మేరీ భైంస్ మర్రై రే, జల్ది ఆ!" అని ఆయన చెయ్యి పట్టి గుంజింది. ఏడుపు ఆగుతలేదు. ఆమెకు వేరే ఆధారం లేదు మరి.

పోయి చూస్తే బర్రె కడుపు ఉబ్బి ఎడమ పక్క కొండలెక్క లేసింది. నాలుక బయటపడ్డది. ఆయన వంగి ఎడమ దొక్క మీద వేళ్ళతోని కొట్టిండు, చెవి పెట్టిండు. బాయిల ఎట్ల కొడతడో అట్లనే. నా దిక్కు చూసి, "మొత్తం బోలుగున్నది తమ్మీ" అన్నడు. గంతే, ఇగ ఆయన చేతులు ఆగలే. బర్రె ముందటి కాళ్ళు ఎత్తు మీదికి ఉండేటట్టు నిలబెట్టిచ్చిండు. వేపకట్టె ఒకటి విరిచి నోట్ల అడ్డం పెట్టి కొమ్ములకు కట్టిండు, అది నములుకుంట ఉండాల్నట, గాలి పైకి రావాల్నట. ఖాలాతోని పల్లినూనె తెప్పిచ్చి, వాము, ఇంగువ కలిపి వెదురు గొట్టంల పోసిండు. నేను తలకాయ పట్టుకొని పైకి లేపబోతే కసిరిండు. "ఎక్కువ లేపకు! ఊపిరిగొట్టంల పడితే మనమే సంపినోళ్ళమైతం."

గంటసేపు ఆ దొక్క పిసుకుతనే ఉన్నడు. చెమటకు మొకం మీది బొగ్గు గీతలు గీతలుగ కారింది. చివరికి బర్రె పెద్ద తేపు తేపింది. ఆ వాసనకు నేను ముక్కు మూసుకున్న. ఆయన మాత్రం ఆ తేపుకు మొకం అడ్డం పెట్టి, పండ్లన్నీ బయటపెట్టి నవ్విండు. ఏడేండ్లల్ల ఆయన అట్ల నవ్వంగ నేను ఎన్నడూ చూడలే. ఖాలా ఆయన బొగ్గు చెంపలు రెండు చేతులతోని పట్టుకొని ఏదేదో దీవిచ్చింది.

అప్పటికే ఎవరో కబురు చేస్తే సమితి ఆఫీసు పశువుల డాక్టరు జీపుల వచ్చిండు. చూస్తే పని అయిపోయింది. ఆయన నిలబడి ఒక్కొక్కటి అడిగిండు. ఎంత నూనె పోసినవ్, కట్టె ఎందుకు కట్టినవ్, తల ఎందుకు లేపనియ్యలే? మా అన్న చేతులు కట్టుకొని అన్నిటికీ సక్కగ చెప్పిండు. "ఎక్కడ నేర్చుకున్నవయ్యా?" అంటే, "గొడ్ల దగ్గరనే సార్" అన్నడు.

డాక్టరు మంచోడు. "ఈ ఏడు కాంపౌండర్లకు ట్రైనింగు పెడుతున్నరు. ఏడో తరగతి సాలు. అయినంక సర్కారు నౌకరి. వయసెంత?" అని అడిగిండు.

"ఇరవై తొమ్మిది సార్."

"ముప్పై దాటితే తీసుకోరు. పెడితే ఈ ఏడే పెట్టు" అన్నడు.

ఆ పొద్దు మాపుకు ఆయన మా ఇంటికి వచ్చిండు. అంగీ లోపటికెంచి ఒక కాగితం తీసిండు, బడి సర్టిఫికెట్టు. నాలుగు మడతల కాడ చినిగి అన్నం మెతుకులతోని అతికిచ్చి ఉన్నది. దరఖాస్తు నన్ను రాయమన్నడు, నాకు పది దాక చదువున్నది కాబట్టి. ఆ సర్టిఫికెట్టు మీద నేను మొదటిసారి ఆయన అసలు పేరు చదివిన. గట్టిగ చదువబోతే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టిండు. "మెల్లగ" అన్నడు.

"మరి బాయి నౌకరి?" అన్న.

"మా అన్నతోని మాట్లాడిన. వానికి ఇప్పుడు ముగ్గురు పిల్లలు. భయం పోయిందట, దిగుతడట. వాని నౌకరి వానికి, నా పేరు నాకు. ఎవనిది వానికి అయితది." వదిన, అంటే ఆయన భార్య, నిండు చూలాలు అప్పుడు. నేను అడుగుతే, "పోనీ మరిదీ. ఇంట్ల ఉన్నా మనసు బర్ల కాడనే ఉంటది. నెల జీతం తెచ్చే మనిషి నవ్వుకుంట తెస్తే వద్దంటనా?" అన్నది. అందరు ఒప్పుకున్నరు. అడ్డం ఏం లేదు. నేను కూడ గట్లనే అనుకున్న.

దరఖాస్తుల అడ్రసు రాసేకాడ నేను తెలివి చూపిచ్చిన. క్వార్టరు నంబరు రాస్తే, ఆ క్వార్టరు కంపెనీ కాగితాలల్ల వేరే పేరు మీద ఉన్నది కదా, ఎవడన్న రెండు కలిపి చూస్తే ఎట్ల? అందుకని లైను పేరు రాసి ఊకున్న. "మా లైనుకు వస్తే సాలు, మనం చూసుకుంటం" అన్న. ఆయన కూడ "నువ్వు చదువుకున్నోనివి" అని మెచ్చుకున్నడు. నా తెలివి తెల్లార.

సమితి డాక్టరు కబురు పెడితే, ఒక ప్లేడే రోజు, అంటే బాయికి వారం సెలవు నాడు, కరీంనగర్‌ల ఇంటర్వ్యూ అయింది. కుంటే లేగను ముందట నిలబెట్టి ఏమైందో చెప్పుమన్నరట. గిట్టల నడుమ ముల్లు అని చెప్పి, తీసి చూపిచ్చిండట. తీసుకున్నోళ్ళకు పోస్టుల రిజిస్ట్రీ వస్తది, రానోళ్ళకు సీటు లేనట్టే, ఆ కాగితం పట్టుకొస్తేనే లోపటికి రానిస్తం అన్నరట. వచ్చినకాడి నుంచి రోజుకు రెండుసార్లు, "వస్తదంటవా తమ్మీ?" అని అడిగేటోడు. "వస్తది" అనేటోన్ని. అడుగుడు ఆయనకు ఆశ, చెప్పుడు నాకు సంతోషం.

ఆ నెలనే ఖనిల పుకారు లేసింది. మారుపేర్ల మీద పనిచేసేటోళ్ళను పట్టుకోనీకి మనుషులు తిరుగుతున్నరట. సాదా బట్టలల్ల వస్తరట. అసలు పేరు పెట్టి పిలుస్తరట, ఎవడు పలుకుతే వాన్ని రాసుకపోతరట. నిజంగ ఎవడన్న తిరిగిండో లేదో దేవునికే ఎరుక. లైన్లల్ల మాత్రం అందరి పాణాలు గుప్పిట్ల ఉన్నయ్. పొద్దున లేస్తే ఇంట్లకెల్లి ముందు కిటికీల చూసి బయటికి వచ్చేటోళ్ళం.

అప్పుడు మాకు రెండో షిఫ్టు వారం. పొద్దుగాల ఖాళీ. లైను ముందట చెట్టు నీడకు మంగలాయన వచ్చిండు. అన్న ఇటుక మీద కూసోని గడ్డం గీకిచ్చుకుంటున్నడు. కుడి చెంప అయింది, ఎడమ చెంపకు సబ్బు నురుగు పెట్టిండు. తర్వాత వంతు నాది, ఎనుక నిలబడ్డ. ఇంకో నలుగురైదుగురు ముచ్చట పెడుతున్నరు. ఎవడో కొత్తాయన సైకిల్ దిగిండు. ఖాకీ లేదు, తెల్ల అంగీ. వచ్చుడు వచ్చుడే అన్న అసలు పేరు, ఇంటిపేరుతోని సహా గట్టిగ చదివి, "ఈ లైన్ల ఎవరు?" అన్నడు.

మంగలాయన కత్తి కింద అన్న మెడ బిర్రుగైంది. తల తిప్పకుండనే, అన్నే అన్నడు.

"గసొంటోడు ఈ లైన్ల లేడు."

"లేడు లేడు" అన్నరు మిగతావాళ్ళు. వాళ్ళకు నిజంగనే ఎరుక లేదు. ఎరుకున్నోన్ని నేను. నేను నేల చూసిన.

ఆ మనిషి ఒక కాగితం మీద ఏదో గీకి, సైకిల్ ఎక్కి పోయిండు. మంగలాయన రెండు గీతలు గీకి, "తపాలాయన సెలవుల ఉన్నడట, బదులాయన గావచ్చు. సైకిల్‌కు సంచి ఉన్నది" అన్నడు, తన మానాన తాను.

అన్న లేసిండు. ఎడమ చెంప మీద నురుగు అట్లనే ఉన్నది. నన్ను చూసిండు. ఆ చూపు ఎట్లున్నదో చెప్పుడు నాకు రాదు. నడుముకు కట్టిన తుండుతోనే రోడ్డు మీదికి ఉరికిండు. నేనూ ఉరికిన. మూల దాక ఉరికినం, సైకిల్ కనబడలే. ఆయన నడిరోడ్డు మీద నిలబడి, "నేనే లేనన్న కదనే. నా నోటితోని నేనే అన్న కదనే" అన్నడు. మల్ల మల్ల అదే మాట.

ఇంట్లకు పోయి అంగీ తొడుక్కొని ఇద్దరం పోస్టాఫీసుకు పోయినం. తపాలా సంచి రెండు గంటలకు కడతరు. అప్పటికి అందినం. లోపట బాయి మనుషులు బారుగ నిలబడ్డరు, ఇండ్లకు డబ్బులు పంపేటోళ్ళు. మా వంతు వచ్చేసరికి సంచి కట్టే యాళ్ళ దగ్గరపడ్డది. పోస్టుమాస్టరు అద్దాలల్లకెల్లి అన్నను చూసిండు. సగం గీకిన గడ్డం, ఎండిన నురుగు.

నేనే చెప్పిన. "సార్, పొద్దుగాల మా లైనుకు రిజిస్ట్రీ వచ్చింది. మనిషి దొరకలే అని వాపస్ తెచ్చిండ్రు. ఆ మనిషి ఈయననే."

ఆయన ఆ కవరు తీసిండు. పొడుగు కవరు, సర్కారు ముద్ర. బల్ల మీద మాకు జానెడు దూరంల పెట్టిండు. "లైనోళ్ళందరు లేడన్నరని రాసి ఉన్నది. అట్లైతే ఉత్తగ ఇయ్యరాదు. ఎరిగినోడు సాక్షి సంతకం పెట్టాలె. నువ్వు ఎరుగుదువా? బాయిల చేస్తవా? అయితే ఈయన ఫలానా, నాతోని ఫలానా బాయిల చేస్తడని రాసి, నీ బిళ్ళ నంబరేసి సంతకం పెట్టు. ఇచ్చేస్త" అన్నడు. కాగితం, కలం నా ముందటికి నూకిండు. పాపం, ఆయన మాకు మేలే చేస్తున్నడు.

నేను కలం పట్టుకున్న. అప్పుడే ఎనుకకెల్లి ఒక చెయ్యి అన్న భుజం మీద పడ్డది. మా బాయి ముస్టర్ క్లర్కు, రోజూ మా హాజరు రాసుకునేటాయన. ఆయన కూడ క్యూల ఉన్నడు, మేం చూడలే. నవ్వుకుంట అన్నను బాయి పేరుతోని పిలిచి, "ఏమే, కొడుకు పుట్టిండటగా, మిఠాయేది?" అన్నడు. అవును, వారం కింద వదిన కన్నది. మొన్న ఆవు వద్దన్నడే, వాడే.

పోస్టుమాస్టరు తల లేపిండు. "ఈయన పేరు అదా?" అన్నడు. నన్ను చూసిండు, కవరును చూసిండు.

కలం నా చేతులనే ఉన్నది. రెండు మాటలు రాస్తే కవరు ఆయన చేతికి వస్తది. ఆ రెండు మాటలే ముస్టర్ క్లర్కు ముందట నా నంబరుతోని సహా సాక్ష్యమైతయ్. ఆయన నౌకరి పోతది, దొంగపేరోన్ని ఏడేండ్లు దాచినందుకు నాదీ పోతది. నాకు పెండ్లయి ఆరునెలలు. ఇంటికాడ అవ్వ, ఇద్దరు చెల్లెండ్లు. ఇవన్నీ ఇప్పుడు చెప్తున్న. అప్పుడు నాకు ఏం తోచలే, కలం మొన ఆనిచ్చి అట్లనే ఉంచిన గంతే. కాగితం మీద సిరా చుక్క పడ్డది. ఆయన ఆ చుక్కను చూసిండు. నా మొకం చూసిండు.

నా చేతులకెల్లి కలం మెల్లగ తీసి బల్ల మీద పెట్టిండు. "ఈ తమ్మునికి సమజ్ కాలే సార్. ఆ కాగితం నాది కాదు. మా ఊరోనిది. వాని కోసమే అడుగవస్తిమి" అన్నడు.

"మరి వాడేడి? వాన్నే రమ్మను. వారం దాక నా దగ్గర పెడత" అన్నడు పోస్టుమాస్టరు. ఎంత మంచోడో చూడుండ్రి.

అన్న ముస్టర్ క్లర్కును చూసిండు. కవరును చూసిండు. "రాడు సార్. సచ్చిపోయిండు" అన్నడు.

"అయ్యో, ఏమైందే?" అన్నడు ముస్టర్ క్లర్కు.

"కామెర్లయినయ్. చిన్న వయసే. పశువుల మందు మంచిగ ఎరుక వానికి."

పోస్టుమాస్టరు ఒక నిట్టూర్పు ఇడిసి, ఎర్రసిరా కలం తీసి కవరు మీద ఇంగ్లీషుల రాసిండు. నేను చదివిన. చిరునామాదారు మరణించినాడు. కింద తారీఖు ముద్ర కొట్టిండు. అన్న ఆ ముద్ర పడేదాక చూసి, క్యూ తప్పుకొని బయటికి నడిచిండు. ఆ కవరు పోయింది, సమితి డాక్టరు సారుకు కూడ గదే ఖబర్ ముట్టి ఉంటది. ఆయన మల్ల మా దిక్కు వచ్చినప్పుడల్ల అన్న ఇంట్ల నుంచి బయటికి రాకపోవు. ఖాలా బర్రెకు మల్ల ఏదో అయితే ఇంట్ల లేనని చెప్పిచ్చిండు. ఇగ ఆ తర్వాతది పిల్లలు చూసిందే.

దారిల నేను, "అన్నా" అన్న. ఆయన, "జల్ది నడువు, డ్యూటీకి యాళ్ళైతున్నది" అన్నడు. ఒక్క మాట అనలే నన్ను. ఆనాడే కాదు, చచ్చేదాక అనలే. తిట్టినా బాగుండేది.

ఇగ దాసుడెందుకు, అది కూడ చెప్త. ఆయన "సచ్చిపోయిండు" అన్నప్పుడు నాకు ఏడుపు రాలే. పాణం కుదుటవడ్డది. నా నౌకరి నాకు మిగిలింది. ఇంటికి పోంగనే ఆకలైంది. నా పెండ్లాం అన్నం పెడితే, రెండుసార్లు అడిగి పెట్టిచ్చుకొని తిన్న.